వానలో సీట్లు

రోజ్‌విటా క్యూబ్లర్‌కి కోపం వచ్చిందన్న సంగతి ముందుగా ఆమె కప్పులకే తెలుస్తుంది. ఆ మధ్యాహ్నం కాఫీ కప్పు సాసర్ మీద పడ్డ చప్పుడుకి, ఎదురుగా కూర్చున్న స్తమాతియా చేతిలోని ప్లమ్ కేకు ముక్క నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

"ఏమయిందే? మళ్ళీ ఏ మంత్రి ఏం కూశాడు?" అంది స్తమాతియా.

రోజ్‌విటా చేతిలో ఉన్న పుస్తకాన్ని బల్ల మీదికి తోసింది. దళసరి నున్నటి కాగితం, వెండి అక్షరాలు. హెల్విగ్ కార్ల కంపెనీకి నూరేళ్ళు నిండిన సందర్భంగా ఎర్లెన్‌టాల్ ఊళ్ళో ప్రతి ఇంటికీ పంచిన పుస్తకం. లోపల 'మన మైలురాళ్లు' అని ఏడాదికో బొమ్మ. ఈ బొమ్మలే పెద్దవి చేసి, పండుగనాటికి మ్యూజియం గోడ మీద వరసగా పెడతారట.

తెరిచి ఉన్న పేజీలో ఫ్యాక్టరీ పెరడు. పెరట్లో బారులు తీరిన కారు సీట్లు. కారు లేదు, వట్టి సీట్లే. ఒక్కో సీటులో ఇద్దరేసి ఆడవాళ్ళు కూర్చుని, ఏదో సినిమా చూస్తున్నట్టు ఎదురుగా చూస్తున్నారు. ముందు వరసలో నడుమ, తలకి గుడ్డ కట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నది స్తమాతియా. పక్కన చేతులు కట్టుకుని కూర్చున్న బక్కపిల్ల రోజ్‌విటా. బొమ్మ కింద ఇలా ఉంది: '1973 వేసవి. తాము కుట్టిన సీట్ల మెత్తదనాన్ని స్వయంగా పరీక్షిస్తున్న మన కుట్టుహాలు మహిళలు.'

స్తమాతియా కళ్ళజోడు పైకి జరిపి చదివింది. మళ్ళీ చదివింది. ఆ తర్వాత కేకు పొడి బల్లంతా చిమ్మేటట్టు నవ్వింది.

"మెత్తదనమా! ఓసి నా తల్లీ! పరీక్షిస్తున్నామా!"

"నవ్వుతావేంటే? సిగ్గుండాలి!"

"సిగ్గెందుకు? ఎంత బాగా పడ్డానో చూడు. నడుమెంత సన్నగా ఉండేదో!"

"అది సమ్మె, స్తమా. సమ్మె చేస్తుంటే మెత్తగా ఉందో లేదో చూస్తున్నామని రాశారు. ఒళ్ళు మండదూ?"

"నీ ఒళ్ళు మండనిదెప్పుడు? ఇంకో ముక్క కోసివ్వు."

రోజ్‌విటాకి డెబ్బై అయిదు నిండాయి. పుట్టిందీ పెరిగిందీ పనిచేసిందీ అన్నీ ఆ ఫ్యాక్టరీ సైరన్ వినబడే మేరలోనే. ఎర్లెన్‌టాల్‌లో కాలాన్ని క్యాలెండర్‌తో కాదు, హెల్విగ్ కార్లతో కొలిచేవారు. ఫలానా పిల్ల ఎప్పుడు పుట్టిందంటే 'జైసిగ్ రోడ్డెక్కిన ఏడాది' అనేవారు. జైసిగ్ అంటే పిచ్చుకంత పిట్ట. యుద్ధం తర్వాత ఊరికి తిండి పెట్టిన గుడ్డు ఆకారపు చిన్న కారుకి ఆ పిట్ట పేరే పెట్టారు. లక్షో జైసిగ్ బయటికి వచ్చిన రోజున దాని ముక్కుకి పూలదండ వేసి, పనివాళ్ళందరినీ చుట్టూ నిలబెట్టి ఫొటో తీశారు. మూడో వరసలో కనిపించే టోపీ ఆమె నాన్నది. మొహం పడలేదు, టోపీ పడింది. ఆ టోపీ గురించి ఆయన బతికినంత కాలం చెప్పుకున్నాడు.

కంపెనీ మైలురాళ్లకు మెరిసే వైపు ఒకటీ, రోజ్‌విటా ఇంటి వంటగదిలోంచి కనిపించే వైపు ఒకటీ ఉండేవి. యుద్ధ కాలానికి ఆ నున్నటి పుస్తకం కేటాయించింది ఒకటిన్నర వాక్యం. 'కష్టకాలంలోనూ ఉత్పత్తి ఆగలేదు' అట. పరాయి దేశాల నుంచి పట్టుకొచ్చిన ఎవరి చేత ఆగకుండా చేయించారో, ఫ్యాక్టరీ వెనక గుడారాల్లో ఎవరుండేవారో రోజ్‌విటా వాళ్ళమ్మకి తెలుసు. ముళ్ళకంచె సందులోంచి బంగాళాదుంపలు లోపలికి విసిరిన మనిషి ఆమె. తర్వాత, ఎనభైల్లో పెద్ద కంపెనీ ఒకటి హెల్విగ్‌ని మింగేసింది. దానికి పుస్తకం పెట్టిన పేరు 'కొత్త భాగస్వామ్యం'. పిల్లి ఎలుకతో చేసుకున్న భాగస్వామ్యం అన్నమాట. ఆ ఏడాది వీధిలో సగం మంది ఇంటి దారి పట్టారు.

రోజ్‌విటా బడి వదలగానే కుట్టుహాల్లో చేరింది. సీట్లకు తోలూ రెక్సినూ కుట్టే హాలు అది. అంతా ఆడవాళ్ళే. తోలు దళసరిది, సూది మొండిది, మిషను మొరటుది. చేరిన మొదటి చలికాలంలోనే సూది ఆమె వేలి గోటిలోంచి దిగి అవతలికి వచ్చింది. పక్క మిషను దగ్గరున్న గ్రీకు పిల్ల చక్రాన్ని వెనక్కి తిప్పి సూది పైకి తీసి, తన తలగుడ్డ చింపి కట్టి, రాని జర్మన్‌లో, "ఏడవకు. ఏడిస్తే వాడు చూస్తాడు. వాడు చూస్తే నవ్వుతాడు" అంది. వాడంటే సూపర్‌వైజరు. ఆ పిల్లే స్తమాతియా.

రోజ్‌విటా పెళ్ళాడిన గెరోల్ట్ కూడా హెల్విగ్ మనిషే. పరికరాలు చేసే వర్క్‌షాపులో లేత్ మిషను మీద పని. చెడ్డవాడు కాదు. కాని అతనికి భార్య కంటే ముందొచ్చింది కంపెనీ, కంపెనీ కంటే ముందొచ్చింది ఏడాది కారు. పనివాళ్ళకి తక్కువ ధరకు కొత్త కారిచ్చేవారు. ఏడాది వాడుకుని, మంచి ధరకు అమ్మేసి, మళ్ళీ కొత్తది తీసుకోవాలి. ఊరంతా అదే పద్ధతి. అమ్మేటప్పుడు కారు కొత్త పెళ్ళికూతురిలా ఉండాలి కాబట్టి గెరోల్ట్ సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు తొడిగేవాడు. అందులో తినకూడదు, తాగకూడదు, బూట్లతో ఎక్కకూడదు. పగలంతా తోలు సీట్లు కుట్టి, సాయంత్రం ఆ సీట్ల మీదే ప్లాస్టిక్ పరుచుకుని కూర్చున్నది రోజ్‌విటా, ముప్పై ఏళ్ళ పాటు. ఎండాకాలంలో ఆ ప్లాస్టిక్ తొడలకి అంటుకుని, లేచేటప్పుడు చర్మం ఊడినంత పనయ్యేది. "కారు మనదా, రేపు కొనబోయే వాడిదా?" అని అడిగితే గెరోల్ట్ అద్దం తుడుస్తూ, "మనదే కదా, అందుకే జాగ్రత్త" అనేవాడు.

అతను పోయిన ఏడాదే ఆమె వేరే కంపెనీ పాత బండి ఒకటి కొని, మొదటి రోజునే అందులో కూర్చుని ఆపిల్ తిని, తొక్కలు కాళ్ళ దగ్గరే పడేసింది.

సమ్మె సంగతి ఇది.

అప్పట్లో కుట్టుహాలు జీతానికి కాగితాల్లో ఒక పేరుండేది: తేలికపని. కూర్చుని చేసేది తేలికపని, ఆడవాళ్ళు చేసేది తేలికపని. అదే హాలు ఊడ్చే మగవాడిది మాత్రం మామూలు పని, అతని జీతం వీళ్ళకంటే ఎక్కువ. ఏళ్ళ తరబడి గొణుక్కున్నారు. యూనియన్ మగవాళ్ళతో చెబితే, "అవునవును, చూద్దాం" అన్నారు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

ఆగస్టులో ఒక ఉదయం సూపర్‌వైజరు హాల్లోకి వచ్చి, ఇకనుంచి రోజుకి ఇంకొన్ని సీట్లు ఎక్కువ కుట్టాలనీ, తేలికపనే కనుక ఇబ్బంది ఉండదనీ చెప్పాడు. స్తమాతియా లేచింది. అప్పుడే తొడుగు వేసిన సీటుని, ఇనుప చట్రంతో సహా, పొట్టకి ఆనించుకుని ఎత్తి అతని ముందు పెట్టింది.

"తేలికా? అయితే ఎత్తండి."

అతను నవ్వాడు. నవ్వి వంగాడు. ఎత్తాడు గానీ నాలుగడుగులు వేసేసరికి మొహం ఎర్రబడి దింపేశాడు. హాలంతా గొల్లుమంది. మిషన్లు ఒక్కటొక్కటే ఆగిపోయాయి. స్తమాతియా ఆ సీటుని మళ్ళీ ఎత్తుకుని, హాలు దాటి, పెరట్లోకి వెళ్ళి, డైరెక్టర్ల కిటికీలకి ఎదురుగా పెట్టి కూర్చుంది. వెనకే రోజ్‌విటా ఇంకొకామెతో కలిసి ఒక సీటు మోసుకెళ్ళింది. ఆ తర్వాత అందరూ. గ్రీకువాళ్ళు, తుర్కులు, స్పెయిన్ వాళ్ళు, ఈ ఊరి వాళ్ళు. సీటుకి ఇద్దరు. ఎండ బాగుంది. కంపెనీ ఫొటోగ్రాఫర్ ఆ వింత చూసి పైనుంచి పరుగెత్తుకొచ్చి తీసిన బొమ్మ ఇది.

రెండో రోజు వాన పట్టుకుంది.

ఇక్కడే జరిగింది ఆ తెలివితక్కువ పని. దాన్ని తలుచుకుంటే రోజ్‌విటాకి ఇవ్వాళ్టికీ పళ్ళు పటపటమంటాయి. చినుకులు పడగానే, ఎవరూ చెప్పకుండానే, అంతమంది ఆడవాళ్ళూ లేచి, ఒంటి మీది రెయిన్ కోట్లు విప్పి సీట్ల మీద కప్పారు. కప్పి, తాము తడుస్తూ పక్కన నిలబడ్డారు! కుట్టిన తోలు తడిస్తే పాడవుతుంది కదా మరి. పై కిటికీలోంచి ఒక దొర అది చూసి, "భయం లేదు, వీళ్ళు మనవాళ్ళే" అన్నాడట. ఆ మాట గుమాస్తాల ద్వారా కిందికి పాకింది.

"ఆ సీట్లని తడవనిచ్చి ఉంటే సాయంత్రానికే దిగొచ్చేవాళ్ళు," అని రోజ్‌విటా ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు.

"మనం కుట్టినవేనే. ఎట్లా తడవనిస్తాం?" అని స్తమాతియా అన్నిసార్లూ అన్నది.

మగవాళ్ళు తమ వర్క్‌షాపుల అద్దాల వెనక రొట్టే సాసేజీ తింటూ చూశారు. వాళ్ళలో గెరోల్టూ ఉన్నాడు. అప్పటికింకా పెళ్ళి కాలేదు, మాట మాత్రమే అయింది. సీట్లు అందక అటువైపు కార్లు బిగించే వరస ఆగిపోయాకే వాళ్ళు బయటికొచ్చారు. గెరోల్ట్ ఆమె దగ్గరికొచ్చి అన్న మొదటి మాట: "పని లేదు. అందుకని వచ్చాం." మా కోసం వచ్చావనుకున్నానే అంటే, "అదీ అనుకో" అన్నాడు. అయినా పెళ్ళాడింది. మనిషి ఒక్కొక్కప్పుడు ఎందుకేం చేస్తుందో ఆ మనిషికే తెలియదు.

మరుసటి ఏడాది తేలికపని అన్న మాట కాగితాల్లోంచి పోయింది. దానికి ముందు, సమ్మె మొదలుపెట్టిందని స్తమాతియాని గేటు బయటికి నెట్టారు. ఉద్యోగం పోతే కంపెనీ హాస్టల్ గదీ పోయినట్టే. ఆ చలికాలమంతా ఆమె రోజ్‌విటా వాళ్ళమ్మ వంటింటి బల్ల మీద పడుకుంది. ఆమెను మళ్ళీ తీసుకుంటే తప్ప కొత్త ఒప్పందానికి ఒప్పుకోమని కుట్టుహాలు మొండికేసింది. చివరికి తీసుకున్నారు.

ఆ ఏడాది కంపెనీ పనివాళ్ళకి పంచిన క్యాలెండర్‌లో ఆగస్టు బొమ్మ ఇదే, కింద ఇదే మెత్తదనం మాట. కొత్తగా పెళ్ళయిన గెరోల్ట్ దాన్ని వంటింట్లో మేకుకి తగిలించి, "చూడు, నువ్వు క్యాలెండర్‌లో పడ్డావ్!" అని మురిసిపోయాడు. రోజ్‌విటా ఆ పేజీ చింపి పొయ్యిలో వేసింది. ఆ ఇంట్లో ఆగస్టు రాలేదు ఆ ఏడు.

ఇప్పుడు అదే మాట మళ్ళీ, వెండి అక్షరాల పుస్తకంలో.

మర్నాడే ఆమె ఫ్యాక్టరీకి బయల్దేరింది. గేటు దగ్గర కాపలా కుర్రాడు ఆమె బండిని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పరాయి బండ్లకి ఇక్కడ చోటు లేదమ్మా. ఆ చివర, రైలు పట్టాల పక్కన."

"జీవితమంతా ఇక్కడే పనిచేశానయ్యా."

"మీరు చేశారు. మీ బండి చెయ్యలేదుగా," అన్నాడు వాడు, నవ్వాపుకుంటూ.

ఈ ఊళ్ళో అది ఎప్పట్నుంచో ఉన్న కట్టుబాటే. వేరే కంపెనీ కారులో వస్తే దూరంగా పెట్టి, అందరూ చూస్తుండగా నడిచి రావాలి. రోజ్‌విటా మోకాళ్ళ నొప్పితో ఆ దూరమంతా నడిచింది. మ్యూజియం గదికి చేరేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మ్యూజియం చూసే డాక్టర్ ఫ్రౌకె జెల్నర్‌కి నలభై ఏళ్ళు కూడా ఉండవు. సన్నటి మనిషి, చెవి వెనక పెన్సిలు. రోజ్‌విటా అరిచినంతసేపూ అడ్డు రాలేదు. అరవడం అయ్యాక కుర్చీ జరిపింది.

"కూర్చోండి, క్యూబ్లర్ గారూ. పాత క్యాలెండర్‌లో ఉన్న మాటే వేసేశాం. తప్పే. ఈ బొమ్మ చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మెత్తదనం చూసేవాళ్ళు ఇట్లా చేతులు కట్టుకోరు."

"మరి అనుమానం వచ్చి ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను," అంది ఆమె. "ఏం రాయమంటారు?"

"జరిగింది రాయండి."

"జరిగింది రాస్తే పైన నాలుగు డిపార్ట్‌మెంట్లు దాటాలి."

"దాటించండి. మేము హాలు దాటలేదూ?"

జెల్నర్ పెన్సిలు తీసి రాసుకుంది. సమ్మె, తేలికపని, స్తమాతియా పేరు, వాన, రెయిన్ కోట్లు. రెయిన్ కోట్ల దగ్గర ఆమె తలెత్తి, "నిజంగా కప్పారా?" అంది. "కప్పాం. గాడిదలం," అంది రోజ్‌విటా.

కొన్నాళ్ళకి కొత్త మాట పోస్టులో వచ్చింది, కింద సంతకానికి చోటుతో. బొమ్మలో ఉన్నవాళ్ళు ఒప్పుకోనిదే ఎవరి మొహమూ గోడ మీద పెట్టబోమని మర్యాదగా రాశారు. బొమ్మ అదే. కింద: '1974. మహిళలకు సమాన వేతనాన్ని ప్రవేశపెట్టిన హెల్విగ్. ఈ దారిలో ముందు నడిచిన సంస్థల్లో మనదీ ఒకటి.'

రోజ్‌విటా నిలబడే చదివింది. ఆ తర్వాత కూడా కూర్చోలేకపోయింది. వాళ్ళు ప్రవేశపెట్టారట! పులి నోట్లోంచి లాక్కున్న మాంసాన్ని పులి పెట్టిన విందని రాశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. మెత్తదనం మాట కనీసం మూర్ఖత్వం. ఇది తెలివి. మూర్ఖత్వాన్ని చూసి నవ్వొచ్చు, ఈ తెలివిని చూసి నవ్వలేం.

ఫోన్ చేసింది.

"సమ్మె అన్న మాటేదీ?"

"మూడో డిపార్ట్‌మెంట్‌లో పోయింది," అంది జెల్నర్. గొంతు అలసిపోయి ఉంది. "స్తమాతియా గారి పేరు నాలుగోదాంట్లో పోయింది. నేను ఇంతవరకే తేగలిగాను."

"అయితే నా మొహాన్ని కూడా పోనివ్వండి. నేను ఒప్పుకోను."

"క్యూబ్లర్ గారూ, మీరు ముందు వరసలో నడుమ ఉన్నారు."

"తెలుసు. కావాలనే కూర్చున్నాను."

స్తమాతియా అదే భవనంలో పై అంతస్తులో ఉంటుంది. రోజ్‌విటా మెట్లెక్కి వెళ్ళి సంగతి చెప్పేసరికి, ఆమె బల్ల మీద అదే కాగితం ఉంది. కింద సంతకం కూడా.

"పెట్టేశావా!"

"పెట్టేశాను. పెట్టకేం?"

"చదివావా అసలు? వాళ్ళు మనకి దయతో ఇచ్చారని రాశారు!"

"చదివాను. నా కళ్ళు నీ కంటే నయం." స్తమాతియా చేతిలోని చిక్కుడుకాయలు తుంచడం ఆపలేదు. "రాసుకోనీ. బొమ్మలో నేనున్నానా లేదా?"

"అబద్ధం కింద కూర్చుంటావా?"

"అబద్ధం కింద కాదు, సీటు మీద కూర్చున్నా."

"తమాషాకి కాదే అంటున్నాను! నిన్ను గేటు బయటికి గెంటారు. మా అమ్మ వంటింట్లో చలికి వణుకుతూ పడుకున్నావు. అదంతా ఊదేసి, వాళ్ళు ముందు నడిచారట, ముందు! నీకు కడుపు మండదా?"

చిక్కుడుకాయలు గిన్నెలో పడటం ఆగింది.

"కడుపు మంట సంగతి నువ్వు నాకు చెప్పకు, రోజీ. మీ నాన్న టోపీ కూడా ఆ గోడ ఎక్కుతోంది. నీ ఊరు, నీ స్మశానం, నీ భాష. నేను నీ కంటే ముందొచ్చాను ఆ హాల్లోకి. నా వేళ్ళు చూడు, ఎట్లా వంకర్లు పోయాయో. ఇన్నేళ్ళలో ఈ ఊరి గోడల మీద ఎక్కడైనా నా పేరుందా? బొమ్మ ఉందా? మా అమ్మాయి పిల్లలు, 'నువ్విక్కడ ఏం చేసేదానివి యాయా, అమ్మమ్మా?' అని అడుగుతారు. వేలు పెట్టి చూపించడానికి నాకొక గోడ కావాలి. కింద ఏం రాస్తే నాకేం?"

"అయితే నిన్నొక్కదాన్నే పెట్టమను."

"నువ్వు నా పక్కనే కూర్చున్నావు! నా మోచెయ్యి నీ మోకాలి మీద ఉంది! నిన్ను కోస్తే నేనూ తెగుతాను. ఎప్పుడూ నీ కోపమే నీకు పెద్ద. గెరోల్ట్ ఎట్లా భరించాడో గానీ, పాపం."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. రోజ్‌విటా తలుపు వేసిన చప్పుడుకి కింది అంతస్తులో కుక్క మొరిగింది.

తర్వాత వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఆ భవనంలో మెట్లు ఊడ్చే వంతు వారానికొకరిది. ఎవరి వంతయితే వాళ్ళ తలుపుకి చిన్న చెక్కపలక వేలాడాలి. ఊడ్చినవాళ్ళు దాన్ని తీసుకెళ్ళి తర్వాతి వాళ్ళకి చేతికిచ్చి, నాలుగు మాటలు చెప్పి రావడం మర్యాద. ఈసారి రోజ్‌విటా మెట్లు ఊడ్చింది, ఊడ్చిందనడం కన్నా చీపురుతో కొట్టిందనాలి. పలకని స్తమాతియా తలుపు గుబ్బకి తగిలించి, తట్టకుండా దిగి వచ్చేసింది. అది తన వైపు తిరిగి వచ్చినప్పుడు కూడా అలాగే గుబ్బకి వేలాడుతూ ఉంది. సగం రాత్రి దాకా ఆమె కోపాన్ని కూడదీసుకుంటూ పడుకునేది. ఒక్కొక్కప్పుడు ఆ కోపం కంపెనీ మీద కాక, 'నాకొక గోడ కావాలి' అన్న ఆ ఒక్క మాట మీదికి మళ్ళేది. ఆ మాట నిజమనిపించే కొద్దీ ఇంకా మండేది.

జెల్నర్ మరోసారి ఫోన్ చేసింది.

"మిగతావాళ్ళందరూ, లేదా వాళ్ళ పిల్లలు, ఒప్పుకున్నారు. మీరొక్కరే. నాకు రెండు దారులున్నాయి. బొమ్మ మొత్తం తీసేసి, ఆ చోట కొత్త ఇంజన్ బొమ్మ పెట్టొచ్చు. పైవాళ్ళకి అదే ఇష్టం. లేదా మీ మొహం వరకు మూసేయొచ్చు."

ఇంజన్ పెట్టమనడానికి రోజ్‌విటా నోరు తెరిచింది. పై అంతస్తులో స్తమాతియా చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

"మూసేయండి," అంది. "నాది మాత్రమే."

"సరే," అంది జెల్నర్. "ఎట్లా మూయాలో నాకు వదిలేయండి."

పండుగ రోజున ఊరంతా జెండాలు. ఫ్యాక్టరీ వైపు నుంచి బాకాల మేళం, కాలుతున్న సాసేజీల వాసన. రోజ్‌విటా కిటికీలు మూసి, పప్పూ నూడుల్సూ పొయ్యి మీద పెట్టి, పప్పు మాడ్చింది. మాడిందని గిన్నె మీద అరిచింది. నూరేళ్ళ పండుగకి తుపాకులు గాల్లోకి పేల్చినప్పుడు రేడియో గట్టిగా పెట్టింది. స్తమాతియా నల్ల కోటు వేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళడం తలుపు కంతలోంచి చూసింది. వెనక్కి తిరిగి ఈ తలుపు వైపు చూస్తుందేమోనని చూసింది. ఆమె చూడలేదు.

సాయంత్రం తలుపు మీద పిడికిలి దెబ్బలు పడ్డాయి.

స్తమాతియా లోపలికి దూసుకొచ్చి కుర్చీలో కూలబడింది. కోటు బొత్తాలు ఊడి ఉన్నాయి. గొంతు బొంగురుపోయి ఉంది.

"నీళ్ళు," అంది. తాగింది. "నీ కోపం కూలా!"

"ఏమయింది?"

"ఏమయిందా! ఆ గోడంతా ఎంత పొడుగుందో తెలుసా. అన్ని కార్ల బొమ్మలు, అందరు దొరల బొమ్మలు. జనం ఒక్కోదాని ముందూ ఆగి, ఆహా అని వెళ్ళిపోతున్నారు. మన బొమ్మ దగ్గరికొచ్చి మాత్రం కదలరు! ఎందుకంటే అందరివీ మొహాలు, నడుమ నీది బూడిదరంగు మచ్చ! పెద్ద మచ్చ, తలకాయంత! కాస్త మసకగా కూడా చెయ్యలేదు ఆ దొంగపిల్ల, పలక తుడిచినట్టు చేసింది. వచ్చిన ప్రతివాడూ అదే అడిగాడు. ఈమెవరు, ఈమెకేమయింది, చచ్చిపోయిందా, జైలుకెళ్ళిందా? పక్కన నేను నిలబడి ఉన్నాను, బొమ్మలో ఉన్నది నేనేనని అందరికీ తెలుస్తూనే ఉంది. చెప్పకేం చేస్తాను?"

"ఏం చెప్పావు?"

"ఏం చెబుతాను! బతికే ఉంది, మా కింద ఇంట్లోనే ఉంది, గయ్యాళిది, కింద రాసిన మాట అబద్ధమని తన మొహం ఇవ్వనంది అని చెప్పాను. ఏది అబద్ధం అంటారు. అప్పుడు సమ్మె చెప్పాలి. తేలికపని అంటే ఏమిటంటారు. అదీ చెప్పాలి. అది అయ్యేలోపు ఇంకో గుంపు. మళ్ళీ మొదట్నుంచి! మనవరాలు పక్కన నిలబడి అన్నిసార్లూ విన్నది. మేయరు వచ్చి అడిగాడు, మేయరుకీ చెప్పాను. కంపెనీ మనిషొకడు వచ్చి, 'అమ్మా, కాస్త అటు జరగండి' అన్నాడు. నా బొమ్మ ముందు నేను నిలబడ్డాను, నువ్వెవడివి అన్నాను." ఆమె గొంతు అక్కడ పూర్తిగా తెగిపోయింది. మిగతాది గాలితోనే అంది: "వచ్చే ఆదివారం మళ్ళీ తెరుస్తారట. నా వల్ల కాదు. నువ్వు రా. నీ మచ్చ, నువ్వే చెప్పుకో."

రోజ్‌విటా పొయ్యి దగ్గరికి వెళ్ళి, మాడిన పప్పులో మాడనిది పైపైన తీసి, ఇద్దరికీ వడ్డించింది. స్తమాతియా ఒక చెంచా తిని మొహం చిట్లించింది గానీ, మాట్లాడే గొంతు లేదు కాబట్టి తిట్టలేకపోయింది.

ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. బండిని రైలు పట్టాల పక్కన పెట్టి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారు. గోడ ముందు, ఇప్పటికీ ఏడాది కారు నడుపుతాడని చొక్కా మడత చూస్తేనే తెలిసే రిటైరైన ఆయనొకడు, భార్యకి బొమ్మ కింద మాటని పైకి చదివి వినిపిస్తున్నాడు.

"చూశావా, అప్పట్లోనే ఇచ్చారు మనవాళ్ళు," అన్నాడు. "మంచి కంపెనీ అంటే అదీ."

"మరి ఈ మొహం లేనావిడెవరు?" అంది భార్య.

రోజ్‌విటాకి చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ కప్పుల మీదా తలుపుల మీదా చీపురు మీదా ఖర్చయిపోయిన కోపం అంతా ఒక్కచోటికి వచ్చి నిలిచింది. ఆమె ఆ ఇద్దరికీ, ఆ బొమ్మకీ నడుమ వెళ్ళి నిలబడింది.

"నేనమ్మా," అంది. "ఇచ్చారని చదివారు కదా మీ ఆయన. ఎవరూ ఇవ్వలేదు. వినండి."

మొదలుపెట్టింది. గొంతు హాలు చివరిదాకా వెళ్ళింది. పక్క బొమ్మల దగ్గరున్న వాళ్ళు ఒకరొకరే ఇటు రావడం మొదలైంది. కాపలా మనిషి వేలు పెదాల మీద పెట్టుకుని వచ్చాడు. గది తలుపు దగ్గర డాక్టర్ జెల్నర్ నిలబడి ఉంది. అతను ఆమె వైపు చూస్తే, ఆమె చెవి వెనక పెన్సిలు సర్దుకుంటూ పైకప్పు వైపు చూసింది.

"కాస్త మెల్లగా, అమ్మా," అన్నాడతను.

రోజ్‌విటా మెల్లగా చెప్పలేదు.